గది నడుమ డొల్ల

డోలు మోగుతూనే ఉంది, కాని దానికి పొట్ట లేదు. కర్ర తోలుకు తగిలిన చప్పుడు వస్తోంది, తగిలాక లోపలినుంచి పొంగవలసిన నిండుదనం రావటం లేదు, గిన్నె ఉండి అందులో నీళ్లు లేనట్టు, మనిషి పలకరించి మాట మింగేసినట్టు. గది నడిబొడ్డున, సుద్ద దారంతో కొట్టిన రెండు గీతలు ఒకదాన్నొకటి దాటిన చోట వేసిన కుర్చీలో కూర్చుని టైల్స్ మేస్త్రి కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. నాలుగు దాటింది. గుమ్మం పక్కన సంచి సర్ది ఉంది, అందులో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, తల లోపలి ఫోటోలున్న పెద్ద కవరు. అయిదున్నరకు బండి వస్తుంది, రాత్రికి ఆసుపత్రి మంచం, తెల్లవారి ఆరింటికి కత్తి. కుడిచెవి వెనక ఎముక తెరిచి, నరం మీద పెరిగిన చింతగింజంత కణితిని తీసేస్తారు, దానితోబాటు ఆ చెవి వినికిడీ పోతుంది, ఇందులో అనుమానం లేదు, ఆ మాట చెప్పటానికి డాక్టరు నీళ్లు నమలలేదు కూడా. ప్రాణానికి భయం లేదు, ఎడమచెవికి ఢోకా లేదు, కుడిది మాత్రం వదులుకోవాలి. కాబట్టి మిగిలింది ఈ గంటన్నర. రెండు చెవులతో, రెండు స్పీకరు పెట్టెల నడుమ, ఎవరూ లేని చోట ఒక గొంతు వచ్చి నిలబడటం తన ఇంట్లో తను ఒక్కసారి వినాలి. అంతకన్న పెద్ద కోరిక ఏదీ అతను ఈ మూడు నెలల్లో కోరలేదు, అంతకన్న చిన్నదానికి ఒప్పుకునేది కూడా లేదు.

కత్తి రేపు గదా, చెవి ఇవాళే పోయిందా, రాత్రి భోజనానికి రమ్మంటే పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్న చుట్టంలాగా. బొటనవేలూ చూపుడువేలూ ఎడమచెవి దగ్గర రుద్ది చూశాడు, ఎండుటాకుల గలగల. కుడిచెవి దగ్గర రుద్దాడు, అవే ఆకులు, తలుపు అవతల. నిన్నా అంతే, మొన్నా అంతే, కొత్తగా తగ్గిందేమీ లేదు. దాని లోపల ఎప్పుడూ ఉండే కీచు కూడా అలాగే ఉంది, మూడో ఇంట్లో ఎవరో పొద్దస్తమానం పలక కోస్తున్నట్టు. కటింగ్ మిషనే ఈ పని చేసింది కదండీ అని అడిగితే, మిషనూ కాదు, నువ్వు చేసిన పాపమూ కాదు, ఊరికే పెరిగింది అన్నాడు డాక్టరు, అప్పుడు అతనికి కొంచెం నిరాశ కలిగింది, తిట్టుకోవటానికి ఎవరూ లేకుండా పోయారు. పనివాళ్లందరికీ అతను నాణెం మేస్త్రి. పలక పరిచి ఒక రోజు ఆరనిచ్చి, మర్నాడు మోకాళ్ల మీద కూర్చుని, జేబులోని పాత రాగి నాణెంతో ప్రతి పలకనూ నాలుగు మూలలా, నడుమా కొట్టి వింటాడు. నిండుగా అతుక్కున్నది ఠక్కని నోరు మూసుకుంటుంది, అడుగున గాలి మిగిలినది డబ్బని నోరు తెరుస్తుంది. నోరు తెరిచినదాన్ని ఊడదీసి మళ్లీ వేస్తాడు, ఇంటివాళ్లు పర్లేదులే మేస్త్రీ అన్నా వినడు, ఇవాళ నోరు తెరిచినది రేపు పగులుతుంది, పగిలినప్పుడు ఎవడు వేశాడంటారుగాని ఎవరు పర్లేదన్నారని అడగరు. ఇరవై అయిదేళ్లుగా నేలకు వంచింది కుడిచెవినే. ఎందుకు కుడిదే అంటే ఎందుకో తెలియదు, అన్నం కుడిచేత్తో తిన్నట్టు.

ఆ గొంతును మొదట విన్నది కూడా మోకాళ్ల మీదినుంచి లేచిన రోజే. ఒక రిటైరైన ఇంజనీరు ఇంట్లో హాలు నేల పరిచాడు, పదకొండు రోజుల పని, చివరిరోజు సాయంత్రం ఆ పెద్దాయన మూల కప్పిపెట్టిన గుడ్డ తీసి, రెండు ఎత్తయిన పెట్టెలు వాటి చోట నిలబెట్టి, నీ నేల మీద ఎలా పలుకుతాయో నువ్వే ముందు విను అన్నాడు. బట్టలనిండా సిమెంటు, కుర్చీ మెత్తటిది, కూర్చోనన్నాడు. ఆయన వార్తాపత్రిక తెచ్చి కుర్చీ మీద పరిచాడు. పాట మొదలయింది, ఒక ఆడగొంతు, ఎడమ పెట్టెలోనూ లేదు, కుడి పెట్టెలోనూ లేదు, రెంటికీ నడుమ, గోడకు జానెడు ముందు, అతని ఛాతీ ఎత్తున నిలబడి పాడుతోంది. ఊపిరి తీసుకోవటం కూడా వినిపించింది. అతను లేచి వెళ్లి ఆ చోట చెయ్యి పెట్టి చూశాడు, పెద్దాయన నవ్వలేదు, నేనూ మొదటిరోజు అలాగే పెట్టాను అన్నాడు. ఇంటికొచ్చి చెబితే భార్య నమ్మలేదు, పదకొండు రోజులు సిమెంటు వాసన పీలిస్తే ఆడవాళ్లు కనిపించరూ అంది. అప్పుడు అనుకున్నాడు, ఎప్పుడో ఒకప్పుడు నా గదిలోనూ అని. ఆ ఎప్పుడో అన్నది ఎంత చల్లటి మాట, దాని నీడన ఇరవై ఏళ్లు హాయిగా నిద్రపోయాడు, డాక్టరు తేదీ రాసిన కాగితం చేతికిచ్చేదాకా మెలకువ రాలేదు.

తేదీ వచ్చాక మటుకు ఆగలేదు. పాత సామాన్లు బాగుచేసే ముసలాయన దుకాణానికి ఆరుసార్లు తిరిగాడు, ఆ ముసలాయన తల ఎత్తకుండా మాట్లాడతాడు, ముక్కుమీది కళ్లద్దాలు ఎవరికోసమో అన్నట్టు ఉంటాయి. కొత్తవి కొనే స్తోమత నాకు లేదు అని మొదటి మాటగానే చెప్పేశాడు మేస్త్రి. ముసలాయన అటకమీదినుంచి ఒక జత దించాడు, చిన్నవి, మూరెడు ఎత్తు, ఒకదానికి మూల చితికింది, ఇంకోదానికి ముందు గుడ్డ లేదు. చితికింది పెట్టెగాని గొంతు కాదు, గదినిబట్టి పెట్టె కొనాలి, నీది ఏనుగుల కొట్టం కాదుగదా అన్నాడు. ఎర్రతీగ ఎర్రదానికి, నల్లతీగ నల్లదానికి, ఒక్కటి తారుమారైనా రెండు పెట్టెలూ తోడికోడళ్లలా ఒకటి ముందుకంటే ఒకటి వెనక్కి లాగుతాయి అన్నాడు. పెట్టెకూ పెట్టెకూ ఎంతో, పెట్టెకూ నీకూ అంతే ఉండాలి అన్నాడు. పాత పెట్టెలకు జతగా ఒక పాత ఆంప్లిఫయరు, దానిలోనే ఉండిపోయిన ఒక పేరులేని పాటల డిస్కు, అది వాయించే యంత్రం, పన్నెండు గజాల తీగ. ఇంటికి తెస్తే భార్య వాటిచుట్టూ ఒకసారి తిరిగి, కన్ను పోతుందన్నవాడు దుర్భిణి కొన్నాడట అంది. ఆ మాటకు అతను మూడురోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు ఆమే, ఆ డబ్బాల కింద ఏం పెడతావు, నేలమీద పెడితే ఎలుకలు పాట వింటాయి, అంది. ఆమె మేస్త్రి కూతురు. అతనికి పని నేర్పిన మేస్త్రి ఆమె తండ్రే.

కింద పెట్టటానికి ఏదీ కొనలేదు. పెరట్లో మిగిలిన ఇటుకలు రెండు దొంతులుగా, కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు పెట్టె నోరు వచ్చేట్టు, పైన ఒక్కో పలక, పలక మీద పాత రబ్బరు చెప్పు అడుగులు కోసిన నాలుగేసి ముక్కలు, పెట్టె అదురు ఇటుకలోకి దిగకుండా. రసమట్టం పెట్టి చూశాడు, గాజులోని బుడగ నడుమకు వచ్చి కునుకు తీసింది. పక్కగోడ మీద ఎక్కడ బొంత కట్టాలో తేల్చటానికి భార్యను చేతి అద్దం పట్టుకుని గోడవెంట నడవమన్నాడు, కుర్చీలోంచి చూస్తే అద్దంలో ఎక్కడ పెట్టె కనిపిస్తుందో అక్కడే చప్పుడు గోడకు తగిలి మళ్లుతుంది, అది ముసలాయన చెప్పిన కిటుకు. ఆమె అద్దం జరుపుతూ జరుపుతూ, కనిపించిందా, కనిపించిందా అంటూ నడిచింది, అద్దంలో ముందు కిటికీ వచ్చింది, తర్వాత దండెం, తర్వాత ఆమె మెడ దగ్గరి చెమట, అతను పెట్టె వచ్చినా ఒక క్షణం ఆగి గాని చెప్పలేదు. ఇంత చేశాక, ఇన్ని మట్టాలు చూశాక, డోలుకు పొట్ట లేకపోవటమేమిటి. దోషం పెట్టెదా, గదిదా, తీగదా, తనదా. తనదైతే ఇంక చేసేదేమీ లేదు, బండికోసం ఎదురుచూడటమే. తనది కాదని తేలేదాకా మాత్రం తనదని ఒప్పుకోకూడదు. పలక మోగకపోతే ముందు ఇసుకను చూడాలి, సిమెంటును చూడాలి, చివరికి గాని చేతిని అనుమానించకూడదు అనేవాడు మామ, చేతిని ముందే అనుమానించినవాడు రెండో పలక వెయ్యలేడు.

పాటను ఆపకుండానే కుర్చీ దిగి తీగలవెంట పాకాడు. ఎర్రది ఎర్రదానికే ఉంది, నల్లది నల్లదానికే ఉంది, రెండో పెట్టె వెనకా అంతే, తోడికోడళ్లు రాజీగానే ఉన్నారు. పాకుతుంటే అరచేతుల కింద నేల పలకరించింది. నలభై ఇళ్లలో మిగిలిన పలకలు ఏరి తెచ్చి పరిచిన నేల అది, ఒకదాని రంగు ఒకదానికి కలవదు, ఎత్తు మాత్రం వెంట్రుకవాసి తేడా లేదు. ఈ తెల్లది పళ్లడాక్టరు వరండా, ఈ మచ్చలది ఎప్పుడూ బేరమాడే వకీలు స్నానాలగది, ఈ బూడిదరంగుది ఇంజనీరుగారి హాలు, దానిమీదే ఎడమ ఇటుకల దొంతి నిలబెట్టాడు, కావాలనే. చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది, నాణెం తీసి బూడిదరంగు పలకను కొట్టింది, ఠక్. దాని పక్కది, ఠక్. గోడవారగా పాకుతూ కొడుతూ పోతుంటే, మూలకు చేరేసరికి, నాణెం దెబ్బకూ దెబ్బకూ నడుమ ఏదో కడుపులో తగిలింది. ఆగాడు. డోలు. నాణెం గుప్పిట్లో బిగించి చెవి వొగ్గాడు, డోలే, పొట్ట ఉన్న డోలు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి భార్య గుమ్మంలోకి వచ్చింది.

"ఏమయ్యా, ఆ డోలేమిటి అంత మోత? గూట్లో గిన్నెలు కదులుతున్నాయి."

"నీకు వినిపిస్తోందా?"

"చెవిటిదాన్నా, వినిపించకపోవటానికి," అని, ఆ మాట ఎవరిముందు అందో తెలిసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయింది.

అతనికి ఆ మాట తగలనే లేదు. లేచి గుమ్మం దగ్గరికి వచ్చాడు, డోలు ఉంది. గది నడుమకు నడిచాడు, అడుగు అడుగుకూ డోలు పలచబడింది, కుర్చీ దగ్గర ఆరిపోయింది. వెనకగోడకు నడిచాడు, మళ్లీ నిండింది, గోడకు వీపు ఆనిస్తే మరీ నిండి, దెబ్బలో దెబ్బ కలిసిపోయి బురదగా అయింది. ఇంకోసారి నడుమకు, ఇంకోసారి గోడకు, భార్య చూస్తూనే ఉంది, పోగొట్టుకున్న వస్తువు కోసం ఇల్లంతా తిరిగేవాణ్ని చూసినట్టు. చెవి కాదు. చెవి కాదు. చెవే అయితే మూలన ఎలా వినిపిస్తుంది, గుమ్మంలో ఎలా వినిపిస్తుంది. గదికి నడుమ డొల్ల ఉంది. నాలుగు గోడలమధ్య పరిచిన ఈ గాలి కూడా ఒక పెద్ద పలకే, అది అంచుల దగ్గర నిండుగా అతుక్కుని నడుమ నోరు తెరిచింది, తను సరిగ్గా ఆ నోట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎందుకు వేశాడంటే మామ. ఇరవై అయిదేళ్లకింద మొదటిరోజు చేతికి తాపీ ఇవ్వలేదు, సుద్ద దారం ఇచ్చాడు. గది నడుమ దొరికినవాడికి మూలలు వాటంతటవే లొంగుతాయి, ముందు నడుమ పట్టు. ఏ గదిలో అడుగు పెట్టినా అతను మొదట చేసే పని అదే, దారం కొట్టటం, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, పని ఉన్నా లేకపోయినా, ఆసుపత్రి గదిలో కూడా కళ్లతో కొట్టాడు, డాక్టరు బల్ల నడుమనుంచి బెత్తెడు పక్కకు ఉందని కణితి మాట వింటూనే గమనించాడు. ముసలాయన పెట్టెకూ పెట్టెకూ ఎంతో నీకూ అంతే అన్నాడేగాని గది నడుమ కూర్చోమనలేదు, అది తన చెయ్యి తనకు తెలియకుండా చేసిన పని. మామ ఉంటే ఇప్పుడు మీసం కిందనుంచి నవ్వేవాడు, నేను పలకలకు చెప్పానుగాని పాటలకు చెప్పానట్రా అనేవాడు.

గోడమీది గడియారం నాలుగూ నలభై. పలక ఎక్కడ డొల్లగా ఉందో తెలిసినవాడికి ఎక్కడ నిండుగా ఉందో వెతకటం ఎంతసేపు. కుర్చీని గీత మీదినుంచి వెనక్కి జరిపాడు, జానెడు, కూర్చున్నాడు, విన్నాడు. ఇంకో జానెడు. అక్కడ డోలు పొట్ట నింపుకుని, బురద కాకుండా, కొట్టినది కొట్టినట్టు పలికింది. నాణెంతో నేలమీద గుర్తు గీసుకున్నాడు. మూరెడు వెనక్కి వచ్చాడు కాబట్టి పెట్టెలూ ఎడం కావాలి, భార్య ఒకవైపు పట్టింది, ఒక్కో ఇటుక దించి, ఒక్కో దొంతినీ జానెడు ఎడంగా మళ్లీ పేర్చి, రసమట్టం మళ్లీ పెట్టి, పెట్టెల మొహాలు కుర్చీవైపు కొంచెం తిప్పి, దారంతో మూడువైపులా కొలిచాడు, సమానం. ఆమె కూడా దారం రెండోకొస పట్టుకోవటం చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చిందే, ఎక్కడ వదలాలో చెప్పకుండానే వదిలింది. ఇటుక పొడి దులుపుకుంటూ, రేపు కోత పెట్టుకుని ఇవాళ ఇటుకలు మోసే మనిషిని నిన్నే చూశాను అంది. తిట్టు కాదు అది, ఇరవైమూడేళ్ల కాపురంలో ఏది తిట్టో ఏది కాదో నాణెంతో కొట్టి చూడకుండానే తెలుస్తుంది.

పాటను మొదటికి తిప్పి కూర్చున్నాడు. తీగవాద్యం కుడివైపు, తలుపు అవతల ఆకుల్లాగా సన్నగా, అయినా ఉంది. డోలు వెనక, నిండుగా. అప్పుడు గొంతు వచ్చింది. పెట్టెలో లేదు, గాలిలో ఉంది, ఊపిరి తీసుకుంది, అంతా నిజమే, కాని నడుమ లేదు. ఎడమవైపు రెండు జానలు పక్కకు నిలబడింది, ఫోటో తీసేటప్పుడు సిగ్గుపడి అంచుకు జరిగిన మనిషిలాగా. ఇది గది తప్పు కాదు. గది తప్పులన్నీ అయిపోయాయి. ఆంప్లిఫయరుకు ఎడమ కుడి సరిచేసే మీట ఉంది, దాన్ని కుడికి తిప్పాడు, ఇంకొంచెం తిప్పాడు, గొంతు పాదం పాదం నడిచి వచ్చి నడుమ నిలబడింది. వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చింది. అతను ఊపిరి బిగబట్టాడు, తర్వాత వదిలాడు, వదులుతూనే, ఇది మట్టం లేని నేలమీద చెక్క ముక్క దోపి నిలబెట్టిన బల్ల కదా అనిపించింది, తెల్లవారేసరికి ఆ చెక్క కూడా ఉండదు. తన వంకరకు సరిపోయేట్టు గదిని వంకరగా కట్టుకున్నాడు. రేపటినుంచి ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటారు. తల తిప్పి చూశాడు, ఆమె గుమ్మానికి ఆనుకుని అతని మొహాన్ని చదువుతోంది, అర్థమయీ కాని అక్షరాలు చదివినట్టు. మీటను మళ్లీ నడుమకు తిప్పేశాడు, కుర్చీ మీది ఇటుక పొడి తన తువ్వాలుతో తుడిచాడు.

"నువ్వు కూర్చో."

"నాకెందుకయ్యా, టైము చూడు. నువ్వు విను."

"కూర్చుని కళ్లు మూసుకో. ఆవిడ ఎక్కడ నిలబడి పాడుతోందో వేలు పెట్టి చూపించు."

ఆమె కూర్చుంది, పరాయివాళ్ల ఇంట్లో కూర్చున్నట్టు అంచున. కళ్లు మూసుకుంది. కొంతసేపు కనుబొమలమధ్య ముడి ఉంది, తర్వాత ముడి విడిపోయింది, వీపు మెల్లగా వెనక్కి వాలింది. పెదవులు తెరుచుకున్నాయి. చెయ్యి దానంతటదే లేచి, వేలు చాపి, ఎదురుగోడ వైపు, నడుమకు, వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా నిలబడింది. కళ్లు తెరవకుండానే, సిమెంటు వాసన కాదన్నమాట అంది. ఆ మాటలో ఇరవై ఏళ్లనాటి ఎకసెక్కెం మొత్తం వెనక్కి తీసుకున్నట్టుంది, అతను నవ్వాడు, నవ్వుతూనే గోడ దగ్గరికి వెళ్లి, ఇటా, ఇంకా కిందికా అని ఆమె వేలిని అడుగుతూ, ఆ చోట సుద్దతో చుక్క పెట్టాడు.

తర్వాత తను కూర్చున్నాడు. మీట ముట్టుకోలేదు. గొంతు ఎడమవైపు రెండు జానల దూరంలోనే ఉంది. కళ్లు మూసుకోలేదు ఈసారి, చుక్కను చూశాడు. ఆవిడ ఉన్నది అక్కడ. సరైన చెవులు చెప్పిన చోటు అది, తన చెవి చెప్పేది రేపు పోబోయేవాడి సాక్ష్యం. రమ్మని పిలవలేదు, బతిమాలలేదు, పలక ఆరేదాకా ఓపిక పట్టినట్టు ఊరికే చూస్తూ కూర్చున్నాడు. ఒక చరణం గడిచింది. రెండో చరణంలో గొంతు ఒక బెత్తెడు జరిగింది. చూపు తిప్పలేదు. ఊపిరి తీసుకున్న చప్పుడు ముందు వచ్చింది, చుక్క దగ్గరినుంచి, ఆ తర్వాత మాట, ఆ తర్వాత మనిషి. గోడకు జానెడు ముందు, ఛాతీ ఎత్తున, తన ఇంట్లో, నలభై ఇళ్ల నేలమీద నిలబడి పాడుతోంది. కుడిచెవి అందులో ఎంత విన్నదో, కన్ను ఎంత విన్నదో, పక్కన నేలమీద కూర్చున్న ఆమె ఎంత విన్నదో అతను లెక్క కట్టలేదు. పాట అయిపోయాక కీచు ఒక్కటే మిగిలింది, అది కూడా మూడో ఇంట్లోంచి నాలుగో ఇంటికి పోయినట్టుంది.

అయిదూ పది. సుద్ద ఎవరి చెయ్యి తగిలినా పోతుంది. పెరట్లోకి వెళ్లి, బక్కెట్టు అడుగున దాచిన నీలం పలక ముక్క తెచ్చాడు, అరచేతిలో పట్టేంతది, ఏ ఇంటిదో గుర్తులేనిది అదొక్కటే. అంటించే సిమెంటు గుప్పెడు కలిపాడు, గోడను తడిపాడు, చుక్క మీద ముద్ద పెట్టి, పలకను అదిమి, రబ్బరు సుత్తి పిడితో రెండుసార్లు తట్టి, మట్టం చూసి, అంచులు వేలితో తుడిచాడు. భార్య సంచి భుజానికి తగిలించుకుని నిలబడింది. బయట బండి ఆగిన చప్పుడు ఎడమచెవికి ముందు, కుడిచెవికి తర్వాత వినిపించింది. నాణెం కోసం జేబులో చెయ్యి పెట్టి, తీసి, దాన్ని ఆమె అరచేతిలో ఉంచాడు.

"ఒక రోజు ఆరాలి. మధ్యలో నువ్వు ఇంటికొచ్చినా ఎవరినీ ముట్టుకోనివ్వకు, వచ్చాక నేనే కొట్టి చూస్తాను."

ఆమె నాణేన్ని కొంగున ముడివేసింది. అతను గుమ్మంలో ఆగి, ఎడమచెవి ఆ గోడకు ఆనించాలంటే ఎటునుంచి వంగాలో, ఏ మోకాలు ముందు పెట్టాలో ఒకసారి వంగి చూసుకుని, చెప్పులు తొడుక్కున్నాడు.